స్ట్రక్చరల్ అనాలిసిస్ మొదలుపెట్టిన అమ్మలూకి

అమ్మలూ,

స్ట్రక్చరల్ అనాలిసిస్ మొదటి యూనిట్‌లోనే నీకు టెన్షన్ పట్టుకుందని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. పుస్తకం లావు చూసి బెంబేలు పడకు. స్లోప్ డిఫ్లెక్షన్ పద్ధతి గానీ, 1930లో హార్డీ క్రాస్ ప్రచురించిన మొమెంట్ డిస్ట్రిబ్యూషన్ పద్ధతి గానీ, అన్నిటికీ పునాది ఒకటే. బలాలు, మొమెంట్లు (అంటే వంచే, తిప్పే ప్రభావాలు) సమతూకంలో ఉండాలి. వంగాక కూడా ముక్కలన్నీ అతుక్కునే ఉండాలి.

లెక్క మొదలుపెట్టే ముందు బీమ్ ఎలా వంగుతుందో పెన్సిల్‌తో గీయి. మార్కులు రావని చాలామంది ఈ పని వదిలేస్తారు. నా దృష్టిలో సబ్జెక్టులో సగం అదే. కాంక్రీటు సాగే వైపే పగులుతుంది, స్టీలు అక్కడే కావాలి. మీ బాల్కనీ చూడు. బరువుకి దాని కొస కిందికి వంగుతుంది, పైభాగం సాగుతుంది. అందుకే మెయిన్ కడ్డీలు పైన వేస్తారు. కాంక్రీటు పోసేటప్పుడు ఎవరైనా తొక్కి అవి కిందికి దిగిపోతే ఎంత ప్రమాదమో ఆ బొమ్మ చూస్తేనే తెలుస్తుంది.

ఇప్పుడు 6 మీటర్ల బీమ్ తీసుకో. మీటరుకి 20 కిలోన్యూటన్ల బరువు. రెండు చివరలూ ఊరికే ఆనించి ఉంటే మధ్యలో మొమెంట్ 90 కిలోన్యూటన్ మీటర్లు. చివరలు తిరగకుండా బిగించేస్తే మధ్యలో 30కి పడిపోతుంది, చివరల దగ్గర 60 పుడుతుంది. రెండూ కలిపితే మళ్లీ 90! చివరలు ఎంత బిగించినా మొమెంట్ మాయమవదు, చోటు మారుతుందంతే. మధ్యలో వంపు మాత్రం ఐదో వంతుకి తగ్గుతుంది. ఇది చేత్తో చేసి చూడు. కంటిన్యువస్ బీములు (మధ్యలో కూడా సపోర్టులున్నవి), ఫ్రేములు ఆ తర్వాత అంత భయపెట్టవు.

స్టాడ్, ఈటాబ్స్ లాంటి లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్లు మీ సీనియర్లు వాడుతుంటే తొందరపడకు. నేర్చుకున్నాక కూడా, సపోర్టుల దగ్గర వచ్చిన రియాక్షన్లన్నీ (బరువుని మోసే ఎదురు బలాలు) కూడి మొత్తం బరువుతో సరిచూడు. పైన చెప్పిన 6 మీటర్ల బీముకి అయితే 120 కిలోన్యూటన్లు రావాలి. సపోర్టు తప్పుగా ఇచ్చినా ఆ కూడిక సరిపోవచ్చు, కాబట్టి వంపు బొమ్మ కూడా తెరిచి నువ్వు గీసినదానితో పోల్చు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు నోట్స్ తెచ్చుకో. రెండు స్పాన్ల బీమ్ నుంచి కలిసి చేద్దాం.

ఆశీస్సులతో,
పెదనాన్న