కిమోనో కుచ్చు ఉబ్బుతోందా?

ప్రశ్న: జపాన్‌లో స్నేహితురాలి పెళ్లికి యుకతా (ఒక రకం కిమోనో) కట్టుకోవచ్చా? కట్టినప్పుడల్లా నడుము దగ్గర బట్ట ఉబ్బి, కాసేపటికే అంచు నేలకు జారుతోంది. ఎందుకు?

జవాబు: యుకతా వద్దండీ. అది వేసవి జాతరలకు, బాణసంచా వేడుకలకు కట్టే ఒంటిపొర నూలు బట్ట. పెళ్లికి అతిథిగా వెళ్తే హోమోంగి అనే వేడుకల కిమోనో సరైనది. పెళ్లికాని అమ్మాయిలైతే పొడవు చేతుల ఫురిసోదె. అయిదు వంశచిహ్నాల నల్ల తోమెసోదె వధూవరుల తల్లుల్లాంటి దగ్గరి బంధువులది, దాని జోలికి పోకండి. మామూలు షికార్లకు కొమోన్ అనే సాదా కిమోనో చాలు.

ఇక జారడం సంగతి. తప్పంతా కిమోనో మీద కట్టే మొదటి తాడుదే. ముందు అంచు ఎత్తు సరిచూసుకోండి: యుకతాకి చీలమండ దాకా, హోమోంగికి మడమ దాకా. కుడి చెంగు లోపలికి, దాని కింది మూల 10 సెంటీమీటర్లు పైకి లేపి. ఎడమ చెంగు దాని మీదికి. ఇది తిరగబడితే చనిపోయినవారి కట్టు అవుతుంది, చాలా జాగ్రత్త. ఇప్పుడు తుంటి ఎముకకు కాస్త పైన ఆ మొదటి తాడు గట్టిగా బిగించాలి. మిగతా తాళ్లు వదులుగా ఉన్నా పర్వాలేదు, ఇది మాత్రం వదులు కాకూడదు.

తర్వాత చంకల కింది చీలికల్లోంచి చేతులు పెట్టి, మిగిలిన బట్టను అరచేతి అంచుతో కిందికి సాపు చేయండి. ఈ మడతే ఒహషోరి. ఉబ్బుకు కారణం లోపలి పొర. దాన్ని ఏటవాలుగా పైకి మడిస్తే ముందు ఒక్క పొరే మిగులుతుంది. సన్నని నడుముకైతే కట్టే ముందే తువ్వాలు చుట్టుకోండి, ముడతలు పడవు.