‘అన్నా’ అని వడ్డించిన పిల్ల సంగతేంటి?

కావలి దగ్గరి పల్లె నుంచి ఇరవై ఎనిమిదేళ్ల కబడ్డీ ఆటగాడు రాశాడు. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం. హాస్టల్ రోజుల్లో తోటి ఆటగాణ్ని ప్రేమించాడు. ఇళ్లలో తెలుస్తుందన్న భయంతో విడిపోయారు. ఆ తోటి ఆటగాడికి పెళ్లయింది, ఒక పాప. ఈ ఏడాది క్యాంపులో ఇద్దరూ ఒకే గదిలో పడ్డారు, మళ్లీ మొదలైంది. ‘జట్టులో తెలిస్తే నా గతేంటి? అనుమానం రాకుండా అమ్మ చూసిన సంబంధం చేసుకోనా?’ అని అడుగుతున్నాడు.

నాయనా, చేసుకోవద్దు. జనం నోరు మూయించడానికి ఒక ఆడపిల్ల మెడలో తాళి కడతావా? ఆ మాట ఇక్కడితో వదిలేయ్.

జట్టు సంగతంటావా, 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ఇది నేరం కాదు. పరుగుల రాణి ద్యుతీ చంద్ 2019 మేలో తను ఒక అమ్మాయిని ప్రేమిస్తున్నానని బయటికి చెప్పింది. సొంత ఇంట్లోవాళ్లే ఎదురు తిరిగారు. జులైలో ఇటలీలో జరిగిన ప్రపంచ యూనివర్సిటీ క్రీడల్లో 100 మీటర్లలో బంగారు పతకం తెచ్చింది. నువ్వు మాటలు పడవని మాత్రం నేను చెప్పలేను. అందుకే ఎవరికి చెప్పాలన్నది పూర్తిగా నీ ఇష్టం.

నాకు నిద్ర పట్టనివ్వనిది వేరే మాట. నాలుగు పేజీల ఉత్తరంలో రెండే వాక్యాలు రాశావు దాని గురించి. ఆదివారం అతని ఇంటికి భోజనానికి వెళ్లావు. అతని భార్య పాపను నీ ఒళ్లో కూర్చోబెట్టి, ‘అన్నా, ఇంకో ముక్క వేసుకో’ అంటూ చేపల పులుసు వడ్డించింది. నీకు ముద్ద దిగలేదు. ఎందుకు దిగలేదో నీకు తెలుసు.

మగవాణ్ని ప్రేమించావని నిన్ను తప్పు పట్టను. అది నీ స్వభావం, సిగ్గుపడాల్సిన పని లేదు. అతని భార్య వెనకాల ఇది నడపడమే తప్పు. నీ స్థానంలో అమ్మాయి ఉన్నా ఇదే చెప్పేదాన్ని. ఆమెకు ఇరవై నాలుగేళ్లన్నావు. నిజం తెలిస్తే ఉండాలో వెళ్లాలో తేల్చుకునే వయసుంది. ఇంకో పదేళ్లు పోయాక ఆ వయసు ఎవరు తెచ్చిస్తారు?

చెప్పాల్సింది అతను. నువ్వు చెప్పకు, ఇంకొకరి చేత చెప్పించకు. అతన్ని క్యాంపు బయట కలిసి, భార్యకు చెప్పేదాకా నేను నీ దగ్గరికి రానని తేల్చి చెప్పు. గది మార్పించుకో. ఆ ఇంటి మెట్లు ఎక్కకు. కష్టమే. ఇన్నేళ్లకు దొరికిన మనిషిని వదులుకోమనడం ఎంత బాధో నాకు తెలుసు, అయినా చెబుతున్నాను.

అమ్మ ఈసారి రొట్టెల పండుగకు నెల్లూరు స్వర్ణాల చెరువులో దిగి, నీ పెళ్లి కావాలని మొక్కుకుని పెళ్లి రొట్టె పట్టుకుందన్నావు. ఆమెకు అంతా చెప్పే ధైర్యం ఇప్పుడే రాకపోవచ్చు. పెళ్లి వద్దన్న మాట మాత్రం ఈ వారమే చెప్పు, తాంబూలాలు పుచ్చుకోకముందే. మోకాలి నొప్పి తగ్గడం లేదన్నావుగా, వచ్చే ఏడు ఆరోగ్య రొట్టె పట్టుకోమను.