'ది అపార్ట్‌మెంట్' అరగంట చూసి ఆపేశాను. దిగులుగా ఉంది, దీన్ని కామెడీ అంటారేంటి? అంత గొప్పేముంది?

మీకు నవ్వు రాకపోవడంలో వింతేం లేదు. హీరో బాక్స్‌టర్ ముక్కు చీదుకుంటూ ఆఫీసుకొస్తే నవ్వొస్తుంది, ఆ జలుబు ఎందుకొచ్చిందో గుర్తొస్తే ఆ నవ్వు ఆగిపోతుంది. నిద్రమాత్ర వేసుకుని పడుకున్నవాణ్ణి పై అధికారి ఒకాయన రాత్రివేళ ఫోన్ చేసి ఇల్లు ఖాళీ చేయమన్నాడు. పాపం, పోయి సెంట్రల్ పార్కులో బెంచీ మీద పడుకున్నాడు. దర్శకుడు బిల్లీ వైల్డర్ సినిమా అంతా ఇలాగే నడిపాడు.

చదువుకునే రోజుల్లో చూసినప్పుడు నాకు ఇది మామూలు ప్రేమకథలాగే అనిపించింది. ఉద్యోగంలో చేరి, అప్రైజల్స్ ఎలా జరుగుతాయో తెలిశాక చూస్తే వేరే సినిమా! మా ఆఫీసులో ఒకాయన మేనేజర్ గృహప్రవేశానికి వంటవాళ్లను మాట్లాడటం దగ్గర్నుంచి టెంట్ హౌస్ లెక్కలు తేల్చడం దాకా అన్నీ మీదేసుకున్నాడు. ఆ ఏడు రేటింగ్ బాగానే వచ్చిందనుకోండి. ఆయన చెడ్డవాడేం కాదు, మొహమాటస్తుడు. బాక్స్‌టర్‌దీ అదే బాపతు. వారానికి 94 డాలర్ల 70 సెంట్ల జీతగాడు, నెలకు 85 డాలర్ల అద్దె ఇల్లు. పెళ్లాలకు తెలియకుండా ప్రియురాళ్లను తీసుకెళ్లడానికి ఆ ఇంటి తాళంచెవి అధికారుల చేతుల్లో తిరుగుతూ ఉంటుంది, ఇతను బయట చలిలో. మొదట్లో ఒకరికి కాదనలేకపోయాడు, తర్వాత ప్రమోషన్ ఆశ కూడా తోడైంది.

జలుబుతో ఉన్న రోజు ఇతను చేసే ఫోన్లు మళ్లీ ఒకసారి చూడండి. ఒక్క రాత్రి తన మంచం మీద తను పడుకోవడానికి, ఒకరి రోజు మార్చాలంటే ఇంకొకరిది మార్చాలి, ఆయన కుదరదంటే మళ్లీ మొదటికి. కాన్ఫరెన్స్ రూమ్ బుకింగ్ గొడవలాగే ఉంటుంది, కాకపోతే ఇక్కడ బుక్ చేసేది తను ఉండే ఇల్లు. బాక్స్‌టర్‌గా వేసిన జాక్ లెమ్మన్ దీన్ని ఎంత సీరియస్‌గా చేస్తాడో అంత నవ్వొస్తుంది.

ఆ ఆఫీసు సంగతీ చెప్పాలి. కథలో ఆ ఇన్సూరెన్స్ కంపెనీ హెడ్డాఫీసులో 31,259 మంది పనిచేస్తుంటారు. అంత హాలు నిజంగా కట్టలేదు. కళాదర్శకుడు అలెగ్జాండర్ ట్రావ్నర్ వెనక్కి పోయేకొద్దీ చిన్న బల్లలు వేయించి, అక్కడ పొట్టివాళ్లను కూర్చోబెట్టించాడు. మన కంటికి మాత్రం ఆ వరసలకు అంతు కనపడదు. 1961లో ఇచ్చిన ఆస్కార్లలో ఈ సినిమాకు వచ్చిన అయిదింటిలో కళాదర్శకత్వానిది ఒకటి. ఉత్తమ చిత్రం, దర్శకత్వం, స్క్రీన్‌ప్లే, ఎడిటింగ్ మిగతావి.

ఇక్కడినుంచి కథ కొంచెం బయటపెడుతున్నాను, వద్దనుకుంటే ఈ పేరా వదిలేయండి. అతని ఫ్లాట్‌లో బాస్‌తో వచ్చిన ఎవరో ఆడమనిషి పగిలిన చేతి అద్దం వదిలేసి వెళ్తుంది. దాన్ని అతనే తీసుకెళ్లి బాస్ షెల్డ్రేక్‌కు ఇస్తాడు. క్రిస్మస్ పార్టీ రోజు కొత్త టోపీ పెట్టుకుని, బాగుందా అని లిఫ్ట్ అమ్మాయి ఫ్రాన్‌ను అడుగుతాడు. చూసుకోమని ఆమె తన అద్దం ఇస్తుంది. అదే అద్దం! అరుపుల్లేవు, నిలదీయడాల్లేవు, లెమ్మన్ మొహం ఒక్కటే. ప్రేమించిన పిల్లకు తన ఇల్లే ఉచ్చయిందని తెలియడానికి ఇంతకంటే పొదుపైన సీను నేనైతే ఎక్కడా చూడలేదు. షర్లీ మెక్లెయిన్ ఫ్రాన్‌ను అమాయకురాలిగా చేయలేదు. మోసపోతున్నానని ఆమెకు తెలుసు, తెలిసీ ఆగలేకపోతుంది. షెల్డ్రేక్‌గా వేసిన ఫ్రెడ్ మెక్‌ముర్రే 1944లో వైల్డర్ తీసిన 'డబుల్ ఇండెమ్నిటీ'లోనూ ఇన్సూరెన్స్ మనిషే, అక్కడ హంతకుడు కూడా. నాకైతే ఇందులోనే ఎక్కువ భయమేశాడు, క్రిస్మస్ కానుకంటూ వంద డాలర్ల నోటు ఫ్రాన్ చేతిలో పెట్టేటప్పుడు మరీ.

నాకు నచ్చనిదీ ఒకటుంది. నలుగురు అధికారుల చిలిపితనాన్ని సినిమా కాస్త తేలిగ్గా తీసుకుంటుంది. ఈ రోజుల్లో అయితే వాళ్ల మీద కంప్లైంట్ వెళ్లాల్సిందే. షెల్డ్రేక్ సెక్రటరీ మిస్ ఓల్సన్ పాత్ర ఆ లోటు కొంత తీరుస్తుంది, ఆమెను గమనించండి.

మిగతాది ఫోన్లో కాకుండా టీవీలో చూడండి. వెడల్పాటి తెర కోసం తీసిన బ్లాక్ అండ్ వైట్ సినిమా ఇది, చిన్న స్క్రీన్ మీద ఆ ఆఫీసు చచ్చిపోతుంది. మాటలు గబగబా దొర్లిపోతాయి కాబట్టి సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. క్రిస్మస్ ముందురోజు రాత్రి జరిగేది ఆత్మహత్యాయత్నం, మనసు బాగోలేని రోజైతే మాత్రం ఇంకోరోజు చూడండి.