విన్నిపెగ్ చలికి బూట్లు: మైనస్ 40 స్టిక్కర్ చూసి కొనకు

జనవరిలో కెనడాలోని విన్నిపెగ్‌కు చదువుకు వెళ్తున్నానని, బూట్లు హన్మకొండలోనే కొనుక్కొని పోవాలా, అక్కడ కొనాలా, మైనస్ 40 అని రాసి ఉన్నవి తీసుకుంటే సరిపోతుందా అని అడిగావు. వీలైతే స్కేటింగ్, గడ్డకట్టిన నది మీద చేపలు పట్టడం కూడా చేయాలని ఉందన్నావు. మొదటిదానికి జవాబు ఒక్క ముక్క: అక్కడే కొను బిడ్డా. మిగతాది కొంచెం తీరిగ్గా చెప్పాలి.

చలి గురించి చెప్పడానికి నువ్వెవరివి అంటావేమో. మాది పరకాల దగ్గర పల్లె. గల్ఫ్‌లో చాలా ఏళ్లు కోల్డ్ స్టోరేజీలో పని చేశాను. బయట 45 డిగ్రీల ఎండ, తలుపు తీసి లోపలికి అడుగుపెడితే మైనస్ 20. గడ్డకట్టిన కోడి మాంసం డబ్బాలు ప్యాలెట్ల మీద పేర్చడం మా డ్యూటీ. గల్ఫ్ అంటే ఎండ ఒక్కటే అనుకునేవాళ్లకు ఈ మాట చెప్తే నవ్వుతారు. మన ఊళ్లో పిల్లాడు కెనడా పోతుంటే చౌరస్తాలో ఫ్లెక్సీ కడతారు, గల్ఫ్ నుంచి వచ్చినోణ్ణి మాత్రం సెంటు సీసా తెచ్చావా అని అడుగుతారు. అది వేరే బాధ, పోనీ. తర్వాత మా అమ్మాయి విన్నిపెగ్‌లో స్థిరపడింది. మనవడు పుట్టినప్పుడు నేనూ మా ఇంటామే ఒక చలికాలమంతా అక్కడే ఉన్నాం. కాబట్టి యంత్రం చలీ చూశాను, దేవుడిచ్చిన చలీ చూశాను.

రెండు చోట్లా కాళ్లకు శత్రువు ఒకటే, చెమట. చలి దాని తర్వాతే. నమ్మవు కదా? ఫ్రీజర్‌లోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్లు భయంతో రెండు మూడు కాటన్ సాక్సులు వేసుకుని బూటు బిగించి కట్టేవాళ్లు. బయట ఎండలో అవే బూట్లతో తిరిగేవాళ్లు. లోపలికి వచ్చిన కాసేపటికే వేళ్లు మొద్దుబారాయని గోల. మా సూపర్‌వైజర్ ఒక మలయాళీ పెద్దాయన. బ్రేక్ వస్తే చాలు, అందరి చేతా బూట్లు విప్పించి, లోపలి లైనర్లు తీయించి ఆరబెట్టించేవాడు. నీరు గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. సాక్సు తడిసిందంటే ఇక ఎంత ఖరీదు బూటైనా ఒకటే. విన్నిపెగ్‌లో కూడా ఇదే కథ. బస్సులో, క్లాసులో, మాల్‌లో హీటర్లు మండుతూ ఉంటాయి. బయట మైనస్ 25, లోపల ప్లస్ 22. నువ్వు రోజంతా మంచు బూట్లతోనే క్లాసులో కూర్చుంటే సాయంత్రం బస్టాప్‌లో ఏమవుతుందో ఊహించుకో.

ఇప్పుడు మా అల్లుడి సంగతి చెప్తాను, బూట్ల గురించి చెప్పాల్సిందంతా అందులోనే ఉంది.

విన్నిపెగ్‌కు ఉత్తరంగా సెల్‌కిర్క్ వైపు రెడ్ రివర్ మీద చలికాలంలో జనం చేపలు పడతారు. నది మీదికే కార్లు, ట్రక్కులు తీసుకుపోతారు, మంచుకు బొర్రలు పెట్టి గాలం వేస్తారు. అల్లుడి ఆఫీసులో పనిచేసే ఒక పెద్దాయన, అక్కడే పుట్టి పెరిగినవాడు, ఒక ఆదివారం మమ్మల్ని రమ్మన్నాడు. అల్లుడు ఆ ఉత్సాహంలో కొత్త బూట్లు కొన్నాడు. హైకింగ్ మోడల్, చూడటానికి స్టైల్‌గా ఉన్నాయి, ట్యాగ్ మీద పెద్ద అక్షరాలతో మైనస్ 40. (సెల్సియస్సా ఫారెన్‌హీటా అని తలబద్దలు కొట్టుకోనక్కర్లేదు, మైనస్ 40 దగ్గర రెండూ ఒకటే.) కాలికి సరిగ్గా అతికినట్టున్నాయని మురిసిపోయి, లోపల రెండు జతల మందం సాక్సులు వేసి, లేసులు లాగి కట్టాడు. కార్లో హీటర్ కాళ్ల మీదికే పెట్టుకుని నది దాకా డ్రైవ్ చేశాడు.

ఆ పెద్దాయన తన ట్రక్కులోంచి మామూలు షూలతో దిగాడు. వెనక డోరు తీసి, పాత రబ్బరు బూట్లు ముందేసుకుని, అప్పుడు మార్చుకున్నాడు. లోపల మందమైన ఫెల్ట్ (ఒత్తి చేసిన ఉన్ని గుడ్డ) లైనర్, కాలు పెడితే ఇంకో సగం సైజు ఖాళీ. లేసులు వదులుగా ముడేశాడు. పాత కార్పెట్ ముక్కలు రెండు మంచు మీద పరిచి, ఒకదాని మీద తను నిలబడి, ఇంకోటి నాకు చూపించాడు. నావీ అలాంటి వదులు బూట్లే, నేనూ కారు దిగాకే వేసుకున్నాను. అల్లుడు మాత్రం నేరుగా మంచు మీదే నిలబడి ఫోటోలు తీసుకుంటున్నాడు.

నడుస్తుంటే చలి తెలియదు. గాలం వేసి నిలబడ్డాక తెలుస్తుంది. కాసేపటికి అల్లుడి మాటలు తగ్గాయి. తర్వాత ఒక కాలు మీద, ఇంకో కాలు మీద గెంతడం మొదలుపెట్టాడు. తర్వాత అదీ ఆగిపోయింది. పెద్దాయన గాలం పక్కన పెట్టి, "వేళ్లు కదుపు" అన్నాడు. కదుపుతున్నానో లేదో తెలియట్లేదు అన్నాడు మావాడు.

పక్కనే ప్లైవుడ్ గుడిసె, అందులో గ్యాస్ హీటర్. లోపలికి తీసుకుపోయి బూట్లు విప్పితే సాక్సులు తడిసి ముద్దగా ఉన్నాయి, కుడికాలు వేళ్లు రెండు మైనంలా తెల్లబడ్డాయి. మావాడు కాళ్లు నేరుగా హీటర్‌కు ఆనించబోయాడు. ఇద్దరం ఒకేసారి పట్టుకున్నాం. మొద్దుబారిన చర్మానికి కాలుతున్నా తెలియదు. రుద్దకూడదు కూడా, మంచుతో రుద్దడం అసలే కూడదు. ఒంటి వేడి తగలాలి. నేను జాకెట్ జిప్పు తీసి, చొక్కా ఎత్తి, "కాళ్లు నా కడుపు మీద పెట్టు" అన్నాను. వాడు "అయ్యయ్యో మామయ్యా" అని వెనక్కి లాక్కుంటాడు. "పెళ్లిలో నీ కాళ్లు కడిగినోణ్ణి, ఇప్పుడు సిగ్గేంది" అన్నాను. ఆ పెద్దాయనకు భాష అర్థం కాకపోయినా మా గొడవ అర్థమైనట్టుంది, పడీపడీ నవ్వాడు. కొంతసేపటికి వేళ్లకు రంగు వచ్చింది, దాంతోపాటు మంటా నొప్పీ వచ్చాయి. నొప్పి వచ్చిందంటే మంచిదే. రంగు రాకపోయినా, బొబ్బలు లేచినా తిన్నగా ఆస్పత్రికి పోవాలి. ఆ రోజు దొరికిన చేపలు మా ఇంటామె చింతపండు పులుసు పెట్టింది. బాగుంది గానీ మన కొర్రమట్ట ముందు ఏదైనా దిగదుడుపే.

ఇక ఆ మైనస్ 40 సంగతి. ఆ అంకె వేయడానికి అన్ని కంపెనీలకూ ఒకే కొలత లేదు, ఎవరి లెక్క వాళ్లది. అది ఎక్కువగా నడుస్తూ ఉండేవాళ్లకు వర్తించే లెక్క, బస్టాప్‌లో నిలబడేవాళ్లకు కాదు. బూటు లోపల వేడి నిలిపే పల్చటి పొర ఒకటి ఉంటుంది, థిన్సులేట్ అంటారు, దాని మీద 200 గ్రాములు, 400 గ్రాములు అని కూడా రాస్తారు. అది చదరపు మీటరు గుడ్డ బరువు మాత్రమే, ఎంత చలికి ఆగుతుందో చెప్పేది కాదు. మన దగ్గర ఆదిలాబాద్ జిల్లాలో 5 డిగ్రీలకు పడితేనే పేపర్లో మొదటి పేజీలో ఫోటో వేస్తారు. విన్నిపెగ్‌లో జనవరి రాత్రి సగటే మైనస్ 21 దాకా ఉంటుంది. 1879లో మైనస్ 47.8 నమోదైంది. అలాంటి చోట స్టిక్కర్‌ను నమ్ముకోకు, బూటులో చెయ్యి పెట్టి చూడు.

ఏం చూడాలంటే, ముందు లోపలి లైనర్ బయటికి వస్తుందా అని. రాకపోతే ఆ బూటు వదిలెయ్, రాత్రికి ఆరదు. తర్వాత అడుగు. చలి కింద నుంచే ఎక్కువ లాగుతుంది, సోల్ మందంగా ఉండాలి, లోపల ఫెల్ట్ ఇన్‌సోల్ ఉండాలి. పాదం భాగం రబ్బరు, పైన తోలు ఉన్న రకం విన్నిపెగ్‌కు మంచిది, ఎందుకంటే రోడ్ల మీద చల్లే ఉప్పు బురదతో కలిసి తోలును తినేస్తుంది. రబ్బరూ తోలూ కలిసేచోట కుట్టు గట్టిగా లాగి చూడు. అమెరికాలో ఎల్.ఎల్.బీన్ అనే ఆయన 1912లో ఇలాంటి బూట్లు అమ్మడం మొదలుపెడితే, మొదటి 100 జతల్లో 90 ఆ కుట్టు దగ్గరే ఊడి వెనక్కి వచ్చాయట. అందరికీ డబ్బు వాపసిచ్చి, కుట్టు సరిచేసి మళ్లీ అమ్మాడు.

ఈ వాపసు మాట ఎందుకు ఎత్తానంటే, మా చెల్లెలి కొడుకు హన్మకొండలో ఒక షాపులో లోపల బొచ్చు ఉన్న "స్నో బూట్లు" కొనుక్కొని పోయాడు. అడుగు చవక ప్లాస్టిక్. అక్కడి చలికి కట్టెలా గట్టిపడి మొదటి వారంలోనే పగిలింది. వాళ్ల నాన్న బిల్లు పట్టుకుపోతే గోడ మీది బోర్డు చూపించారు, అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదు అని. తప్పు ఆ షాపుది ఒక్కటే కాదు. చలికాలంలో కూడా ఫ్యాన్ వేసుకునే ఊళ్లో అమ్మే బూటుకు మైనస్ 30 పరీక్ష ఎవరు పెడతారు? ఇంకోటి బరువు. నీకు మామూలుగా రెండు సూట్‌కేసులు, ఒక్కోటి 23 కిలోలు ఇస్తారు. మంచి బూట్ల జత రెండు కిలోలు తూగుతుంది, సగం పెట్టె ఆక్రమిస్తుంది. కుక్కర్, పచ్చళ్లు, కారప్పొడి సర్దాక మీ అమ్మ బూట్లకు చోటివ్వదు. ఇవ్వకపోవడమే న్యాయం. కన్సల్టెన్సీ వాళ్లు ఇచ్చే ప్యాకింగ్ లిస్టులో మాత్రం బూట్లు, థర్మల్స్, గొడుగు అన్నీ ఉంటాయి. మైనస్ 25లో గొడుగు ఎందుకో వాళ్లనే అడగాలి.

దిగిన రోజుకు మాత్రం ఉన్న స్పోర్ట్స్ షూలో ఉన్ని సాక్సు వేసుకో, ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంటిదాకా చాలు. షూ మరీ ఇరుకైతే పల్చటి సాక్సే వేసుకో. మర్నాడే కొనుక్కో. బాఫిన్, కామిక్, సోరెల్ లాంటి కంపెనీల బూట్లు ఏ పెద్ద షాపులోనైనా దొరుకుతాయి. జనవరిలో సీజన్ సరుకు మీద తగ్గింపులు కూడా మొదలవుతాయి. సైజు జాగ్రత్త: మన దగ్గర 8 అంటే అక్కడ మగవాళ్ల 9. దాని మీద సగం నుంచి ఒక సైజు పెద్దది తీసుకో. మందపాటి ఉన్ని సాక్సు వేసుకుని షాపుకు వెళ్లు, అది వేసుకునే కొలిచి చూడు. లోపల వేళ్లు పియానో వాయించినట్టు ఆడాలి. వేడి నిలబెట్టేది వేళ్ల చుట్టూ ఉన్న గాలి, అది బిగించి పిండేస్తే ఏం మిగలదు. కాటన్ సాక్సులు ఇంట్లోనే వదిలెయ్. ఉన్ని ఎందుకంటావా? వానలో గొర్రెలు కాసే గొల్లాయన గొంగడి కప్పుకుంటాడు కదా, తడిసినా లోపల వెచ్చగానే ఉంటాడు. మనవాళ్లకు ఎప్పటినుంచో తెలిసిన సంగతే, కానీ అదే మాట మెరినో ఉన్ని అని ఇంగ్లిష్ డబ్బా మీద ఉంటేనే డబ్బులు పెడతాం.

జారడం గురించి నువ్వు అడగలేదు, అడగాల్సింది. వెచ్చగా ఉండే బూటు జారకుండా ఉంటుందని లేదు. టొరంటోలో ఒక రిహాబిలిటేషన్ సంస్థ ఐస్ మీద బూట్లను పరీక్షిస్తుంది. 2016లో 98 రకాలు పరీక్షిస్తే పదోవంతు కూడా పాస్ కాలేదు. మైనస్ 25లో ఐస్ కొంచెం నయం, సున్నా దగ్గర పైన నీటి పొరతో ఉన్నదే నడుం విరగ్గొడుతుంది. మార్చి నెలలో జాగ్రత్తగా ఉండు. బూటు కింద తగిలించుకునే స్పైకులు దొరుకుతాయి, బ్యాగులో పెట్టుకో. షాపులోకి, ఇంట్లోకి వెళ్లేముందు తీసెయ్, లేకపోతే నేల గీసుకుపోతుంది. అన్నట్టు అక్కడివాళ్లు కూడా మనలాగే గుమ్మంలోనే చెప్పులు విప్పుతారు. మా ఇంటామెకు కెనడాలో నచ్చిన మొదటి సంగతి అదే.

స్కేటింగ్‌కు మాత్రం నేను చెప్పినదంతా తిరగెయ్యి. స్కేట్స్ బిగుతుగా ఉండాలి, పల్చటి సాక్సు ఒక్కటే వేయాలి. ఊరి మధ్యలో రెండు నదులు కలిసేచోటు, ఫోర్క్స్ అంటారు, అక్కడ అద్దెకు ఇస్తారు, నది మీద దారి పొడవునా వెచ్చబడటానికి గుడిసెలు కూడా కడతారు. కాళ్లు చల్లబడగానే ఆగు, పౌరుషానికి పోకు. క్లాసులో వేసుకోవడానికి మామూలు షూలు బ్యాగులో పెట్టుకో. రాత్రికి లైనర్లు బయటికి తీసి గదిలో నిలబెట్టు, హీటర్ మీద పెట్టకు, బిగుసుకుపోతాయి. కొత్త బూట్లు వేసుకుని ఒక పూట ఇంట్లో కార్పెట్ మీదే తిరిగి చూడు. బయట మంచులో తొక్కాక మార్చి ఇవ్వరు. బిల్లు పారెయ్యకు.