సంచిలో పెరిగినవి తినండి, కుండీలో మొలిచినవి ముట్టకండి

బాల్కనీలో పుట్టగొడుగులు పెంచాలని ఉందని, వాటి మధ్య విషపువి మొలుస్తాయేమోనని భయంగా ఉందని రాశారు. నేను విజయవాడలో అపార్ట్‌మెంటులోనే కొన్నేళ్లుగా గడ్డి నింపిన సంచుల్లో ముత్యపు చిప్ప (ఆయిస్టర్) రకం పుట్టగొడుగులు పెంచుతున్నాను. మీ భయంలో అర్థం ఉంది. అయితే సంచుల కంటే పక్కనున్న పూలకుండీలను ఎక్కువ అనుమానించండి.

పోయిన వానాకాలం, కాపు అయిపోయిన సంచుల్లోని గడ్డిని కరివేపాకు కుండీలో వేశాను. మంచి వానలు పడ్డాక అందులో అరచేయంత తెల్లని గొడుగులు లేచాయి. పైన గోధుమ రంగు పొలుసులు, కాడకు ఉంగరం. నేను చూసేసరికే మా అత్తయ్య వాటిని కోసి కడుగుతున్నారు. "మన విత్తనమే కదమ్మా, గడ్డితో పాటు కుండీలోకి వచ్చింది" అన్నారు. చిన్నప్పుడు పొలాల్లో పుట్టల మీద మొలిచినవి ఏరుకుని తిన్న మనిషి ఆవిడ. ఉడికేటప్పుడు వెండి చెంచా వేస్తే విషం ఉందో లేదో తెలిసిపోతుందని కూడా చెప్పారు.

"అత్తయ్యా, ఈ పూటకు పొయ్యి మీద పెట్టకండి, రేపు చూద్దాం" అని బతిమాలాను. అది రాల్చే పొడి రంగు చూద్దామని ఒక గొడుగుకు కాడ తీసేసి, అడుగుభాగం కిందికి ఉండేలా తెల్ల కాగితం మీద పెట్టి గిన్నె బోర్లించాను. తెల్లవారి చూస్తే కాగితం నిండా గీతలు గీతలుగా ఆకుపచ్చ పొడి! ముత్యపు చిప్ప రాల్చే బీజాల పొడి తెల్లగానో లేత ఊదాగానో ఉంటుంది. ఆకుపచ్చగా రాల్చేది క్లోరోఫిల్లమ్ మొలిబ్డైటిస్ అనే విషపు పుట్టగొడుగు. తిన్న కొన్ని గంటల్లోనే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. అత్తయ్య ఆ కాగితాన్ని కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు చూసి, గిన్నెలోవన్నీ తీసుకెళ్లి పారేశారు.

తెల్ల పొడి రాలితే మంచిదేనని మాత్రం అనుకోకండి. ప్రాణం తీసే అమానిటా జాతి పుట్టగొడుగులూ తెల్ల పొడే రాలుస్తాయి. పైగా వాటి విషం ఆరేడు గంటలు దాటాక గాని బయటపడదు, ఈలోగా కాలేయాన్ని పట్టుకుంటుంది. వెండి, వెల్లుల్లి, పురుగులు తినడం, ఈ పరీక్షలేవీ పనికిరావు. వీటిని ఇప్పటికీ చిట్కాలుగా వీడియోల్లో చెప్పేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

ఇక సంచి సంగతి. వరిగడ్డిని మూడు నాలుగు సెంటీమీటర్ల ముక్కలు చేసి నానబెట్టి, 80 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు ఉంచండి. ఆరాక గుప్పెట్లో పట్టి పిండితే నీరు కారకూడదు, అరచేతికి తడి మాత్రం అంటాలి. వేడి చాలకపోతే సన్నని కాడల బూడిద రంగు కలుపు పుట్టగొడుగులు వచ్చి నల్లని సిరాలా కరిగిపోతాయి. వాటిని తినకండి. ఆకుపచ్చ బూజు పట్టిన సంచిని విప్పకుండానే ఇంటి నుంచి పంపేయండి. ఫార్మలిన్, కార్బెండజిమ్ కలిపిన నీళ్లలో గడ్డి నానబెట్టడం షెడ్లలో పెంచేవాళ్ల పద్ధతి. పిల్లలు తిరిగే ఇంట్లో ఆ ఘాటు ఎందుకు?

గడ్డిలో కలిపే పుట్టగొడుగుల విత్తనం (స్పాన్) వ్యవసాయ విశ్వవిద్యాలయంలోనో, బెంగళూరు హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థలోనో తీసుకోండి. పంటంతా మేమే కొంటామంటూ తేదీ లేని ప్యాకెట్లు అంటగట్టేవాళ్ల జోలికి పోకండి. అలాంటివాళ్లను నమ్మి డబ్బు పోగొట్టుకున్న కుటుంబాలు నాకు తెలుసు.

పడకగదిలో సంచులు వేలాడదీయవద్దు. ఈ రకం రాల్చే పొడిని రోజూ పీలిస్తే కొందరికి దగ్గు, జ్వరం, ఆయాసం వస్తాయి. అంచులు కిందికి వంగి ఉండగానే కోసేస్తే పొడి తక్కువ, రుచి ఎక్కువ. పచ్చివి తినకుండా బాగా ఉడికించుకోండి.

మన ఎండలకు మార్చి దాటాక ముత్యపు చిప్ప సరిగా కాయదు. అప్పుడు 30 నుంచి 35 డిగ్రీల వేడిలో వచ్చే పాల పుట్టగొడుగులు వేసుకోండి. వాటికి పైన మట్టి పొర కావాలి. ఆ మట్టిని కుండీలోంచి నేరుగా తీసి వేయకుండా, ఆవిరి పట్టించి చల్లారాకే పరవండి.