జ్వరం, జలుబు లేకున్నా పిల్లల్ని ఏటా డాక్టరుకు చూపించాలా?

మీ బాబుకి ఐదేళ్ల టీకా కూడా వేయించేశారు, హుషారుగా ఆడుకుంటున్నాడు, ఇంకా చెకప్ ఎందుకని మీ అత్తగారు అంటున్నారని రాశారు. మా ఇంట్లోనూ ఇదే గోల. ‘బాగున్న పిల్లను తీసుకెళ్లి లేని రోగం అంటించుకొస్తారా’ అని మా మావయ్యగారు. బరువు తూయిస్తే దిష్టి అని మా అమ్మ. తూయించి తెచ్చాక ఆవిడ ఉప్పు తిప్పి పడేస్తుంది, నేను కాదనను.

నేనైతే చూపించమనే చెప్తాను. టీకాలున్నంత కాలం ఆ వంకనైనా డాక్టరు పిల్లల్ని చూస్తారు. ఐదారేళ్లకు డీపీటీ బూస్టర్ అయ్యాక సర్కారు టీకాల పట్టికలో మళ్లీ పదేళ్లకు గానీ ఏమీ లేదు. కళ్లు, పళ్లు తేడా చేసేది ఎక్కువగా ఆ మధ్యలోనే.

మా పాపకి ఐదో ఏడు నడుస్తుండగా డాక్టరుగారు బొమ్మల చార్టు చూపించారు. ఎడమ కన్ను మూస్తే గబగబా చెప్పేసింది. కుడి కన్ను మూయగానే తల పక్కకి వంచి, ఆయన వేళ్ల సందులోంచి చూడబోయింది. తర్వాత చెయ్యే లాగి పారేసింది. అల్లరి చేస్తోందని నేను కసురుతుంటే, ‘కాదమ్మా, ఆ కంటికి కనబడట్లేదు’ అన్నారాయన. కళ్ల డాక్టరు దగ్గర తేలిందేమిటంటే, ఎడమ కంటికి బాగా పవర్ ఉంది. అద్దాలు పెట్టి, రోజూ కొంతసేపు బాగున్న కంటికి ప్యాచ్ వేయమన్నారు. పాప ఎప్పుడూ టీవీకి దగ్గరగా కూర్చోలేదు, తలనొప్పి అనలేదు. ఒక కన్ను బాగుంటే పిల్లలకే తేడా తెలియదు, ఇక మనకేం చెప్తారు? ఏడెనిమిదేళ్లు దాటితే ఆ కన్ను దారికి రావడం కష్టమట.

పళ్లదీ అంతే. ఆరేళ్లప్పుడు పాలపళ్ల వెనకాల కొత్తగా ఒక దవడ పన్ను వస్తుంది. ముందు ఏ పన్నూ ఊడదు కాబట్టి అదీ పాలపన్నే అనుకుంటాం. పుచ్చినా ‘ఎలాగూ ఊడేదే’ అని వదిలేస్తాం. కానీ అది జీవితాంతం ఉండాల్సిన పన్ను.

మావయ్యగారి అనుమానాన్నీ కొట్టిపారేయలేను. ఈమధ్య ల్యాబులు పిల్లలకూ ఫుల్ బాడీ ప్యాకేజీలు అమ్ముతున్నాయి. ఏ ఇబ్బందీ లేని పిల్లకి థైరాయిడ్, విటమిన్లు అంటూ సూది పొడిపించడం నాకిష్టం లేదు. డాక్టరు హిమోగ్లోబిన్ చూడాలంటే మాత్రం ఒప్పుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. బొద్దుగా కనిపించే పిల్లలకూ ఉంటుంది.

ఎత్తు కూడా రాసిపెట్టుకోండి. నాలుగేళ్లు దాటిన పిల్లలు ఏడాదికి సుమారు ఐదారు సెంటీమీటర్లు పెరగాలి. ఒక్కసారి కొలిస్తే ఏమీ తెలియదు, పోయినేడాది అంకె ఉంటేనే తెలుస్తుంది.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వచ్చి పిల్లల్ని ఉచితంగా చూడాలి. ప్రైవేటు బడిలో ఉంటే మనమే తీసుకెళ్లాలి. జ్వరాల సీజన్లో మాత్రం వెళ్లకండి. ఆ రద్దీలో డాక్టరుకి తీరిక ఉండదు, పైగా పక్క పిల్లల జలుబు మనవాళ్లకి అంటుకుంటుంది. ముందే ఫోన్ చేసి ‘ఒంట్లో బాగానే ఉంది, చెకప్‌కే’ అని చెప్పి, టీకాల కార్డు పట్టుకెళ్లండి.