రేవులో కొత్తగా చేరిన మేనకోడలికి

కడప

చిరంజీవి పాపకు,

మామ దీవెనలు. నీకు చెన్నై హార్బర్‌లో కస్టమ్స్ పోస్టింగ్ వచ్చిందని అక్క ఫోన్ చేసింది. ఆ సాయంత్రం మీ అత్త గువ్వలచెరువు పాలకోవా తెప్పించి వీధంతా పంచింది. నాకు మాత్రం ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. లంకమలలో, పాలకొండల్లో ఏ ఎర్రచందనం చెట్ల కోసం ముప్పై ఏళ్లు తిరిగానో, ఆ చెట్లు ఓడెక్కే చివరి గుమ్మం దగ్గర మా ఇంటి బిడ్డ నిలబడబోతోంది. ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతావు. అందుకే కూర్చుని రాస్తున్నా. దాచుకో.

ఎర్రచందనం సహజంగా పెరిగేది లోకం మొత్తంలో మన తూర్పు కనుమల దక్షిణపు కొసలోనే. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండలు, నల్లమలలో కొంత భాగం, అంతే. మన ఊళ్లలో దాన్ని కొనేవాడు లేడు. కోడూరు వైపు కొయ్యబొమ్మలు చేసేవాళ్లకు కావలసింది ఎంతని! గిరాకీ అంతా సముద్రం అవతలే. చైనాలో దీన్ని జితాన్ అంటారు, రాజుల కాలం నుంచి ఆ కొయ్యతో చేసిన కుర్చీలూ బీరువాలూ అక్కడ హోదాకు గుర్తు. చెట్టు కొట్టేది ఇక్కడ, ధర పలికేది అక్కడ. మధ్యలో దుబాయ్, సింగపూర్, హాంకాంగ్, నేపాల్ దారులు. మా ఫారెస్టు వాళ్లం కొండ చుట్టూ ఎంత కాపలా కాసినా, అవతల కొనేవాడి తలుపు తెరిచే ఉంటే చేయగలిగింది సగమే.

అందుకే 1995లో ఈ చెట్టు సైటిస్ ఒప్పందం (అంతరించే ముప్పున్న జంతువులు, మొక్కల మీద దేశాల మధ్య జరిగే వ్యాపారాన్ని అదుపు చేసేది) రెండో అనుబంధంలోకి ఎక్కడం చాలా పెద్ద మాట. మన అడవి దుంగల ఎగుమతిని మన దేశం ఎటూ నిషేధించింది. సైటిస్ వల్ల అనుమతి పత్రం లేని దుంగ అవతలి రేవులో దిగినా, అక్కడి అధికారి తన చట్టం కిందే దాన్ని ఆపాలి. ఆయన మన మీద దయతో ఆపడం లేదు. తన దేశం పెట్టిన సంతకానికి కట్టుబడి ఆపుతున్నాడు. ఆయనకు ఉత్తరం రాసేటప్పుడు ఇది మనసులో పెట్టుకో. బతిమాలుతున్నట్టు రాయకు, సాటి ఉద్యోగికి రాసినట్టు రాయి.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

రేంజర్‌గా ఉన్నప్పుడు ఒక తెల్లవారుజామున కోడూరు రోడ్డులో బొప్పాయి లోడు లారీ ఆపాం. పైన మూడు వరసలు కాయలు, కింద గోనెపట్టాలు, వాటి కింద 42 దుంగలు. బెరడూ తెల్లచెక్కా బాడిసతో చెక్కేసి చేవ మాత్రమే మిగిల్చారు, టార్చి వెలుగులో పచ్చి గాయంలా ఉన్నాయి. ప్రతి దుంగ కోత మొహం మీదా పచ్చ పెయింటుతో ఒకే గుర్తు: రెండు అడ్డగీతలు, కింద చుక్క. ఎవరి సరుకో గోడౌన్‌లో కలిసిపోకుండా యజమాని వేయించుకునే గుర్తు అది. మేం పొడవు, చుట్టుకొలత, తూకం రాశాం. మా నంబర్లు వేయడానికి ఆ పెయింటు చెక్కించేశాం. పీఓఆర్ (ప్రాథమిక నేర నివేదిక) రాసి డ్రైవర్‌నీ ఇద్దరు కూలీలనూ కోర్టులో హాజరుపరిచి, ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయాను.

ఏడాదిన్నర తర్వాత పై ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. బయటి దేశం రేవులో దొరికిన దుంగల ఫొటోలు, వాటి మీద అవే రెండు గీతలూ చుక్కా. ఇలాంటి గుర్తున్న సరుకు మీ దగ్గర పట్టుబడిందా, పట్టుబడితే వాహనం, ఫోన్ నంబర్ల వివరాలు పంపండి అని. గుర్తు నా కళ్లలో ఉంది. కాగితం మీద లేదు. ఫొటో లేదు. డ్రైవర్ జేబులో దొరికిన, నంబర్లు రాసున్న చీటీ ఏమైందో ఎవరికీ తెలియదు. 'వివరాలు లభ్యం కావు' అని నా చేత్తోనే సంతకం పెట్టి పంపాను. ఆ యజమాని పేరు నాకు ఈ రోజుకీ తెలియదు.

ఆ ఇద్దరు కూలీలు జవ్వాదికొండల వాళ్లు. ఒకడికి మీసాలు కూడా సరిగా రాలేదు. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో కాల్పుల్లో 20 మంది కూలీలు చనిపోయారని విన్నప్పుడు నాకు వాడి మొహమే కళ్ల ముందుకొచ్చింది. దుంగ మోసే భుజాలు ఎన్ని పట్టుకున్నా కొత్త భుజాలు వస్తూనే ఉంటాయి తల్లీ. కంటైనర్ బుక్ చేసేవాడు, డబ్బు తిప్పేవాడు మాత్రం వాడే. వాడిని ఒక్క దేశం పోలీసులు పట్టలేరు. అందుకని నీ చేతిలో సరుకు ఆగినప్పుడు దాని వివరం రెండు వైపులా పోవాలి: వెనక్కి మా కొండల దాకా, ముందుకు దిగాల్సిన రేవు దాకా. నేను నీకు చెప్పదలచుకున్నది ఇదే.

సరుకు ఆపడం నీకు ట్రైనింగ్‌లో నేర్పి ఉంటారు. అయినా రెండు మాటలు. కాగితం కంటే ముందు బరువు చదువు. ఎర్రచందనం చేవ నీళ్లలో వేస్తే మునుగుతుంది, అంత బరువు. 2016 జూలై నుంచి ఓడెక్కే ప్రతి నిండు కంటైనర్‌కూ తూకం వేసిన బరువు ఇవ్వాలని అన్ని దేశాల రేవుల్లోనూ నిబంధన ఉంది, వీజీఎం అంటారు. కంటైనర్ తలుపు మీద ఖాళీ బరువు రాసి ఉంటుంది. షిప్పింగ్ బిల్లులో సరుకు బరువు, తలుపు మీది ఖాళీ బరువు, వీజీఎం, గేటు తూకం ఈ నాలుగూ పక్కపక్కన రాసుకో, లెక్క కుదరకపోతే అనుమానించు. తర్వాత దారి చూడు. ఫ్యాక్టరీలో సీలు వేసిన టైము, రేవు గేటు దాటిన టైము. ఆరు గంటల దారికి పద్నాలుగు గంటలు పట్టిందంటే ఆ ఎనిమిది గంటలు బండి ఎక్కడ నిలిచిందో టోల్‌గేట్ల లెక్క చెబుతుంది.

సీలు చెక్కుచెదరలేదు కదా అని మాత్రం నమ్మకు. సీలు జోలికి పోకుండా తలుపు పిడి రివెట్లు ఊడదీసి, లోపలి సరుకు మార్చి, కొత్త రివెట్లు కొట్టి రంగు పూసేస్తారు. పాత కంటైనర్‌కు ఉప్పుగాలి తుప్పు ఒకే తీరుగా పట్టి ఉంటుంది. రివెట్ల దగ్గర మాత్రమే రంగు మెరుస్తుంటే, గోటితో గీకితే పెచ్చులా లేస్తే, అక్కడే నిలబడు.

2022లో గుజరాత్‌లోని ముంద్రా రేవులో డీఆర్‌ఐ (స్మగ్లింగ్‌పై కన్నేసే కేంద్ర రెవెన్యూ నిఘా విభాగం) వాళ్లు ఒక కంటైనర్ పట్టారు. కాగితాల్లో సబ్బుల్లాంటి టాయిలెట్రీ సామాన్లు, లోపల 11.70 టన్నుల ఎర్రచందనం, పోయేది షార్జాకు. మన కొండల్లో మాత్రమే పుట్టే చెట్టు అంత దూరం పోయి ఓడెక్కబోయింది! చెన్నైలో గట్టిగా ఉంటే వాళ్లు మరో రేవు వెతుక్కుంటారు. కాబట్టి నీకు దొరికిన పద్ధతి మిగతా రేవుల వాళ్లకు అదే రోజు తెలియాలి.

ఇక కాగితం. దీని మీద ఎక్కువ రాస్తాను, విసుక్కోకు.

నువ్వు రాసే నోటు రేపు మన భాష రాని, మన కొండలు చూడని మనిషి చదువుతాడు. మామూలుగా 'ఎర్రచందనం దుంగలు' అని రాసి వదిలేస్తే ఆయన చేతికి ఏమీ అందదు. టెరోకార్పస్ శాంటాలినస్ అని శాస్త్రీయ నామం రాయి, సైటిస్ రెండో అనుబంధం అని రాయి, బెంగళూరు కొయ్యశాస్త్ర సంస్థ పరీక్షకు ముక్క పంపితే ఆ నంబరు రాయి. కంటైనర్ నంబరులో నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి, చివరి అంకె సరిచూసుకునేది. ఒక్క అంకె తప్పు రాసినా అవతల ఓడ వెళ్లిపోయేదాకా వెతుకుతూనే ఉంటారు. కోత మొహాల ఫొటోలు పక్కన స్కేలు పెట్టి తీయి. గుర్తు చెరిపే ముందు తీయి.

పేర్ల దగ్గర ఇంకా జాగ్రత్త. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. పాస్‌పోర్టు ఫారంలో అది తిరగబడుతుంది. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. 'రెడ్డి' ఒకచోట పేరులో కలుస్తుంది, ఇంకోచోట విడిగా పడుతుంది. లక్ష్మి అన్న పేరును ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తారో నీకు తెలుసు. మన ఎఫ్‌ఐఆర్‌లో ఉన్నవాడూ, దుబాయ్ వీసా మీద ఉన్నవాడూ, బ్యాంకు ఖాతాలో ఉన్నవాడూ ఒక్కడే అని అవతలి కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుంది? పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలు ఉన్నట్టే రాయి, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పాత పాస్‌పోర్టు నంబరు, దేశం కోడ్‌తో ఫోన్ నంబర్లు అన్నీ చేర్చు. ఊరి పేరుతో సరిపెట్టకు. కొత్తపల్లి అంటే ఏ కొత్తపల్లి? మండలం, పిన్ కోడ్ ఉండాలి. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు రాయచోటి, రాజంపేట, కోడూరు కడప నుంచి అన్నమయ్యలోకి పోయాయి. అందువల్ల ఒకే ఊరు పాత ఫైలులో ఒక జిల్లా, కొత్త ఫైలులో ఇంకో జిల్లా. ఇది మనకు చిన్న విషయమే, దూరాన ఉన్నవాడికి ఇద్దరు వేరు మనుషులు.

ఇదంతా సరిగా కుదిరితే ఏమవుతుందో కూడా మన జిల్లాలోనే చూశాం. దేశం దాటిపోయిన ఎర్రచందనం కేసుల నిందితుడు ఒకతను ఇంటర్‌పోల్ నోటీసుతో మారిషస్‌లో చిక్కి, 2015 నవంబరులో మన పోలీసుల చేతికి వచ్చాడు. ఆ వార్త వచ్చిన రోజు మా బీట్ గార్డులు పండగ చేసుకున్నారు.

సమాచారం పంపే దారి తప్పకూడదు. అవతలి అధికారి సదస్సులో పరిచయమయ్యాడని వాట్సాప్‌లో ఫొటోలు పంపేయకు. కస్టమ్స్ నుంచి కస్టమ్స్‌కు పోవాల్సింది డీఆర్‌ఐ ద్వారా, విదేశాల్లో ఉన్న మన కస్టమ్స్ అధికారుల ద్వారా పోతుంది. బ్రస్సెల్స్‌లో ఉన్న ప్రపంచ కస్టమ్స్ సంస్థకు ఇలాంటి సమాచారం పంచుకునే ఏర్పాట్లున్నాయి. మనిషి కోసం వెతుకులాటైతే సీబీఐ ద్వారా ఇంటర్‌పోల్‌కు. 2025 జనవరిలో వచ్చిన భారత్‌పోల్ పోర్టల్‌తో రాష్ట్ర పోలీసులకు ఈ దారి దగ్గరైంది. అడవి జంతువులు, చెట్ల సంగతి వన్యప్రాణి నేరాల నియంత్రణ బ్యూరోకు కూడా చెప్పాలి. ఇంకో మాట. ఇలా వచ్చే కబురు పెట్టె తెరవడానికి పనికొస్తుంది, కోర్టులో రుజువుగా నిలబడాలంటే రెండు ప్రభుత్వాల మధ్య న్యాయ సహాయం కింద అడిగి తెప్పించాలి. అది నెలలు పడుతుంది. ఆలస్యమవుతుందని అడగడం మానేస్తే కేసు వీగిపోయేది అక్కడే.

వేగం కావలసింది మొదటి గంటల్లో. ఓడ వెళ్లిపోయాక తెలిసినా నిరాశ పడొద్దు. అది కొలంబోలోనో సింగపూర్‌లోనో ఆగి సరుకు మారుతుంది. ఆ మారే చోటే మనకు రెండో అవకాశం. నీకు రాత్రి రెండైతే సింగపూర్‌లో అప్పటికే నాలుగున్నర, పొద్దున్నే చూద్దాం అనుకోకు.

ఒక్కోసారి పైవాళ్లు సరుకు ఆపొద్దు, పోనివ్వండి అంటారు. అవతల తీసుకునేవాడిని పట్టడానికి నిఘాతో పంపడం అది, 2022లో కస్టమ్స్‌లో దానికి నిబంధనలు కూడా వచ్చాయి. చేతికి దొరికింది కళ్ల ముందే దాటిపోతుంటే ప్రాణం ఒప్పదు. ఓర్చుకో. ఇంట్లో కూడా నోరు విప్పకు, మీ అమ్మ దగ్గర కూడా.

ఎయిర్‌పోర్టుకు మారినప్పుడు మనవాళ్లే ఎదురవుతారు. రాయచోటి, రాజంపేట నుంచి కువైట్‌లో ఇంటిపనికి పోయిన ఆడవాళ్లు, టికెట్ డబ్బుల కోసం ఎవరో ఇచ్చిన పొట్లం తెచ్చినవాళ్లు. చట్టం చట్టమే, వదిలిపెట్టమనను. కానీ నీ భాష విని ఆ మనిషి ఏడుస్తుంది. అప్పుడు నీళ్లిచ్చి, నిదానంగా, ఇచ్చినవాడెవడు, తీసుకోవడానికి బయట ఎవడు నిలబడ్డాడు అని అడుగు. కసిరితే ఆ రెండు పేర్లూ రావు. బయటికి పోయేవాళ్ల బ్యాగుల్లో నక్షత్ర తాబేళ్లు ఉండొచ్చు, అనంతపురం పొదల్లో నీ చిన్నప్పుడు చూపించానే, అరచేతిలో పట్టేంతవి. 2019లో వాటిని సైటిస్ మొదటి అనుబంధంలోకి చేర్చారు, అంటే వ్యాపారం పూర్తిగా బంద్. వాటికి ఊపిరి ఉంటుంది కాబట్టి పంచనామా కంటే ముందు గాలి, నీడ చూడు.

సొంత పొలంలో ఎర్రచందనం పెంచిన రైతు సక్రమమైన పత్రాలతో వస్తే దొంగను చూసినట్టు చూడకు. పత్రాలు సరిచూసి మర్యాదగా పంపు. అలాంటి సరుకు దర్జాగా అవతలి మార్కెట్‌కు చేరితే అడవి మీద భారం కొంతైనా తగ్గుతుంది.

సంక్రాంతికి వస్తావు కదా. అనుమతి అడిగి డిపోకు తీసుకుపోతాను. ఫొటోల్లో చూసింది చాలదు, దుంగను చేత్తో ఎత్తి చూడాలి, కోత మొహం మీద వేలు పెట్టి చూడాలి. వాసన ఏమీ రాదు, మంచిగంధం లాగా అనుకుని మోసపోతారు. రంపపు పొట్టు కాస్త స్పిరిట్‌లో వేస్తే ఎర్రగా దిగుతుంది, అది కూడా చూపిస్తాను. ఒక చిన్న టేపు, నీ కెమెరా తెచ్చుకో.

మీ మామ